తెర వెనక పియానో

నా చిన్నప్పుడు ఒక దయ్యం నాతో కలిసి పియానో వాయించింది. ఈ మాట తార్నాకలో చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ దయ్యానికి జుట్టు కాస్త పెరుగుతూ వచ్చింది.

మాది లాలాగూడ రైల్వే క్వార్టర్. మా చర్చిలో పియానో వాయించే టీచరమ్మ, యూనివర్సిటీ క్యాంపస్‌లోని ఒక పాత హాల్లో మధ్యాహ్నాలు కొత్త పిల్లలకు పాఠం చెప్పేది. నాకు ఒక్క పేజీ పాశ్చాత్య సంగీతం ముక్క ఇచ్చింది. కొన్ని స్వరాలు మోగించి, చేతులెత్తి ఆగి, మళ్లీ ఎత్తుకోవాలి. ఆ ఆగడమే నాకు చేతకాలేదు.

"నీకేమన్న బస్సు పోతున్నదా?" అందామె ఒకరోజు. "గీసారి గూడ గిట్లనే ఉరికితె రేపటి నుంచి రాకు. నీ జాగల ఇంకో పోరన్ని కూసోవెడ్త."

మా ఇంట్లోనే కాదు, మా వాడలోనే పియానో లేదు. ఆ హాలు పోతే నా వేళ్లకు మిగిలేది చపాతీ పీట అంచే.

ఆ రోజు హాలు కిటికీలన్నీ మూసి ఉన్నాయి. పియానో వెనక ఎన్నడూ లేని తెర ఒకటి వేలాడుతోంది.

"ఆ దిక్కు చూడకు," అంది టీచరమ్మ గొంతు తగ్గించి. "ఆడ ఒకరున్నరు. నువ్వు ఆగితెనే పలుకుతరు."

వాయించడం మొదలుపెట్టాను. ఆగాల్సిన మొదటిచోట భయానికే ఆగిపోయాను. తెర వెనక నుంచి నా స్వరాలే సన్నగా, నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు తిరిగొచ్చాయి. తెర ఊగింది. తెల్లటి చెయ్యొకటి బయటికొచ్చింది. బయట కుక్కలన్నీ ఒక్కసారిగా ఏడ్చాయి. నేను సొమ్మసిల్లి పడిపోయాను.

సరే, చెయ్యి రాలేదు. కుక్కలూ ఏడవలేదు. పడిపోయింది నేను కాదు, నా చెమట. కానీ ఆ మోత మాత్రం నిజంగా వచ్చింది. పారిపోదామంటే రేపటి నుంచి రానివ్వదు. అందుకని వాయించాను, ఆగాను, అది చల్లారేదాకా విన్నాను. ఆగిన ప్రతిచోటా అది పలికింది.

చివరికి టీచరమ్మ తెర లాగింది. వెనక ఇంకో పాత పియానో. దాని కింద కాలితో నొక్కే పెడల్ మీద ఒక ఇటుక. పెడల్ నొక్కి ఉంటే లోపలి తీగలను అదిమి ఉంచే పట్టు వదులుతుంది. ఇక్కడ మోగిస్తే అక్కడ అవి తమంతట తామే వణికి పలుకుతాయి.

"దయ్యం లేదు, ఏం లేదు. నీ సప్పుడే రా అది. ఇన్నొద్దులు నువ్వు ఇననే లేదు," అంది. తర్వాత, "రేపు జల్ది రా," అంది.

ఇప్పుడు తార్నాకలో మా ఇంట్లో నేనూ పిల్లలకు అదే ముక్క నేర్పుతున్నాను. అలాగే రెండో పియానో, తెర, ఇటుక. మొన్న ఒక చిన్నపిల్ల వాయిస్తూ ఆగి, తల తిప్పకుండానే అంది, "తాతా, వెనక ఎవరో వాయిస్తున్నరు."

నాకూ వినిపించింది. నవ్వాపుకుంటూ తెర లాగబోతుంటే ఇటుక కంటపడింది. అది పెడల్ మీద లేదు, గుమ్మం దగ్గర ఉంది. గాలికి తలుపు కొట్టుకోకుండా పొద్దున నేనే అడ్డం పెట్టాను.

ఇందులో నేను కలిపిందేమీ లేదు. కలపడానికి ధైర్యం చాలలేదు.

"ఏంది తాతా, భయపడ్డవా?"

"నాకెందుకు భయం," అన్నాను. అది మాత్రం అబద్ధమే. "వాయించు బిడ్డా. ఆగేకాడ మంచిగ ఆగు."

ఆ పిల్ల వాయించింది, ఆగింది. ఆ మోత మళ్లీ సన్నగా లేచింది. తెర మీదికి పోబోయిన చేతిని ఒళ్లో పెట్టుకున్నాను. ఆ మధ్యాహ్నం టీచరమ్మ నేర్పింది ఇంకా నాలో ఉంది. ఆగిన చోట పలికేది ఎవరైనా సరే, వాళ్లు ముగించేదాకా వింటాను.