కాఫీ మర మీద బొట్లు

మొన్న మధ్యాహ్నం కోడలు ఆఫీసుకు వెళ్ళాక, ఆ పిల్ల ముచ్చటపడి తెప్పించుకున్న చేతి కాఫీ మరను శుభ్రం చేసి పెడదామని, ఎవరూ అడగకుండానే విప్పాను. మళ్ళీ బిగించి తిప్పితే చుట్టుకొకసారి కర్రుమంటూ లోపల ఎక్కడో ఇనుము ఇనుముకు రాసుకుంటోంది, పడిన పొడి సగం రవ్వలాగా సగం పిండిలాగా ఉంది. ఆ చప్పుడు వినగానే భయపడి పిడి వదిలేశాను. డెబ్బై దాటినదాన్ని, బందరులో కన్నకొడుకు ఇంట్లో కూర్చుని ఒక మరకు వణకడమేమిటని మీకనిపించవచ్చు. అత్తగారికి భయపడుతూ కాపురానికి వచ్చి, కోడలికి భయపడే వయసుకు చేరిన నా ఈడువాళ్ళు మాత్రం నవ్వరనుకుంటాను. నిజానికి నన్ను భయపెట్టింది కోడలు కాదు, ఆ చప్పుడే.

గుడివాడలో మా అత్తవారి వంటింట్లో, బల్ల అంచుకు బిగించిన పోత ఇనుప మర ఒకటి ఉండేది. లోపల ఎదురెదురుగా రెండు పళ్ళ బిళ్ళలు. ఒకటి రెండు స్క్రూలతో మర గోడకు బిగించి కదలకుండా ఉంటుంది, రెండోది మనం పిడి తిప్పితే తిరుగుతుంది. అది అత్తగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, ఆవిడ తప్ప ఇంకొకరు విప్పేవారు కాదు. పెళ్ళయిన ఏడాది దసరా ముందు, ఆవిడ నడుము పట్టేసి మంచం దిగలేకపోతుంటే, మెప్పు పొందుదామన్న ఆశతో నేనే దాన్ని విప్పి బూడిదతో, కొబ్బరి పీచుతో తళతళలాడేలా తోమాను. కదలని బిళ్ళ అంచు మీద ఒకటి, దాని పక్కనే మర గోడ మీద ఒకటి, వెలిసిపోయిన కుంకుమ బొట్లు కనిపించాయి. నిరుటి పూజవి కాబోలు, ఎటూ కొత్తవి పెడతాం కదా అనుకుని వాటినీ వదలకుండా తోమేశాను.

మర్నాడు పొద్దున్నే మావయ్యగారు మోపిదేవి వెళ్ళే బస్సుకు బయలుదేరుతుంటే, ఆ మరలోనే గింజలు ఆడించి కాఫీ కలిపి ఇచ్చాను. చప్పుడు అప్పుడే వచ్చింది, గట్టిగా తిప్పితే సర్దుకుంటుందనుకున్నాను. ఆయన వెళ్ళాక ఫిల్టరు కడగబోతే అడుగున బూడిదరంగు నలుసులు ఎండకు మెరుస్తున్నాయి. ఇనుప రజను. ఆయనకు అప్పటికే కడుపులో పుండు, డాక్టరు రోజుకు ఒక్క గ్లాసు కాఫీకి మాత్రమే ఒప్పుకున్నాడు. ఆ ఒక్క గ్లాసులో నేను ఇనుము కలిపి ఇచ్చాను.

అటువంటి భయం నాకు అంతకుముందు లేదు, తర్వాత పురుళ్ళప్పుడు కూడా లేదు. చల్లపల్లి దగ్గరికి వచ్చేసరికి ఆయన బస్సులో కడుపు పట్టుకుని ముందుకు వంగిపోయినట్టు, ఎవరో దించి చెట్టు కింద పడుకోబెట్టినట్టు కళ్ళకు కట్టేది. కబురు తెలిసే దారి లేదు, మావారేమో బంటుమిల్లి బడిలో ఉన్నారు. వాకిట్లో రిక్షా ఆగినప్పుడల్లా గుమ్మంలోకి పరుగెత్తేదాన్ని. ఆయన వెళ్ళిన ఆ సుబ్రహ్మణ్యేశ్వరుడికే, ఆయన్ను క్షేమంగా పంపమని మొక్కుకున్నాను. చెప్తే నా పుట్టింటివాళ్ళను అంటారు, చెప్పకపోతే ఆయన ప్రాణమే పోతుందేమో. మధ్యాహ్నం దాకా ఎలాగో ఓర్చుకుని, అత్తగారి మంచం దగ్గర కూలబడి అంతా చెప్పేశాను.

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. మొహం తెల్లబోయింది, అది చూసి నాకు ఉన్న ధైర్యం కూడా పోయింది. నడుము పట్టుకుని ఎలాగో లేచి వచ్చి, మర విప్పించి చూసి, "బొట్లు ఏవీ?" అన్నారు. తోమేశానన్నాను.

"అవి ఉత్త పూజ బొట్లు కాదే అమ్మాయీ, గురుతులు."

ఆ బిళ్ళ ఎటు తిప్పి బిగించినా స్క్రూలు పడతాయట, కానీ అరిగిన పళ్ళు ఒక వైపే సరిగ్గా కుదురుతాయట. అందుకే ఏటా బొట్టుకు బొట్టు ఎదురయ్యేలా పెట్టుకునేవారు. ఆవిడ తడి కుంకుమను కదలని బిళ్ళ పళ్ళకు పల్చగా రాసి, రెండూ బిగించి, ఒక్క చుట్టు తిప్పి విప్పారు. కుంకుమ ఒక పక్కనే చెరిగింది. ఆ పక్క బిళ్ళ లేచి ఉందన్నమాట. ఊడదీస్తే కింద నేను తోమిన కొబ్బరి పీచు పోగొకటి ఇరుక్కుని ఉంది. అది తీసినా ఇంకా కాస్త రాసుకుంటుంటే బిళ్ళను అటుదిటు తిప్పి బిగించారు, చప్పుడు ఆగింది. అంతసేపూ ఆవిడ చూపు వీధి గుమ్మం వైపు పోతూనే ఉంది. ఆవిడకూ నాకున్నంత భయం ఉందని అప్పుడు తెలిసింది.

అయిదింటి బస్సులో ఆయన రాలేదు. ఆవిడ గుప్పెడు గింజలు ఆడించి, ఇంకా రజను ఉంటుందని ఆ పొడి పారబోసి, మళ్ళీ ఆడించి కాఫీ పెట్టి, ఒక గ్లాసు తానే తాగి, కడుపు మీద చెయ్యి వేసుకుని గుమ్మంలో కూర్చున్నారు. ఆయనకంటే ముందు ఆవిడ కాఫీ తాగడం నా కాపురంలో ఆ ఒక్కసారే చూశాను. ఆరు దాటాక ఆయన ప్రసాదం సంచీతో వచ్చి, దారిలో బస్సు టైరు పోయిందని విసుక్కుంటూ, డాక్టరు ఏమన్నా సరే ఇంకో గ్లాసు కాఫీ కావాలన్నారు. పొద్దుటి సంగతి ఆయనకు ఎప్పటికీ తెలియదు.

మొన్న నేనూ కుంకుమ భరిణె తెచ్చుకున్నాను. కోడలి మరలో కదలని బయటి బిళ్ళ కింద, నేను తుడిచిన బ్రష్షుదే ఒక వెంట్రుక దొరికింది. సరిచేసి, బిళ్ళకూ దాని గోడకూ ఎదురెదురుగా బొట్లు పెట్టాను. సాయంత్రం ఆ పిల్ల రాగానే, విప్పి చూపించి, చేసిన నిర్వాకం ఒప్పుకున్నాను.

"దానికింత కంగారెందుకు అత్తయ్యా, పాడైతే ఇంకోటి బుక్ చేసేదాన్ని కదా" అని నవ్వి, అక్కడేదో మరక ఉందంటూ టిష్యూతో రెండు బొట్లూ తుడిచేసింది.

నేను ఆపలేదు. ఇంట్లో ఒక వస్తువు చెడితే గుండె జారిపోయే రోజులు ఆ పిల్లకు లేవు, ఉండాలని నేనూ కోరుకోను. బిళ్ళ బిగించి, గుప్పెడు గింజలు ఆడించి పారబోసి, మళ్ళీ ఆడించి కాఫీ కలిపాను. ఒక గ్లాసు ముందు నేను తాగి, కాసేపు ఆగి నాకేమీ కాలేదని చూసుకుని, అప్పుడు తనకిచ్చాను. ఫోను చూసుకుంటూ ఆ పిల్ల గ్లాసు ఖాళీ చేసేదాకా మొహం వంకే చూస్తూ కూర్చున్నాను.