మూసిన తలుపు ముందు జొలీసా

అమెరికాలోని టొలీడోలో పాతికేళ్లు స్కూలు బస్సు నడిపిన ఒడెస్సా ప్రూయిట్, మోకాళ్లు మొరాయించాక, బాలల నిర్బంధ గృహం నుంచి విడుదలైన పిల్లల్ని మళ్లీ బడిలో కుదురుకునేలా చూసే ఉద్యోగంలో చేరింది. పని మారింది గాని గొంతు మారలేదు. ఆవిడ నెమ్మదిగా మాట్లాడితే పక్క గదికి వినిపిస్తుంది, కోప్పడితే పక్క వీధికి.

పదహారేళ్ల జొలీసా ఏడు నెలలు లోపలుండి వచ్చింది. జడ్జి షరతు ఒక్కటే: మొదటి నెలలో నాలుగుసార్లు గైరుహాజరైతే మళ్లీ లోపలికే. చేరిన రోజు గేటు దగ్గరే ఒడెస్సా తన మామూలు ఉపన్యాసం దంచేసింది.

"చూడు బంగారం, అడక్కుండా దేన్నీ ముట్టుకోకు. ఎవరికీ వంక దొరకనీయకు."

నాలుగో రోజు పొద్దున్నే వైస్ ప్రిన్సిపాల్ హాడ్లీ పిలిచాడు. మంచివాడే, కాకపోతే రిజిస్టర్లో లేని మనిషి భూమ్మీదే లేడనుకునే రకం.

"మీ పిల్ల మూడు రోజులుగా మొదటి పీరియడుకు రాలేదు. అది పోతే ఆ రోజంతా గైరుహాజరే. ఇవాళ్టితో నాలుగు. కోర్టుకు రాయక తప్పదు."

"నేనే కదయ్యా రోజూ గేటు దాకా దింపుతున్నది! గాల్లో కలిసిపోయిందా?"

మోకాళ్లను తిట్టుకుంటూ ఒడెస్సా మేడెక్కింది, వెనకాలే హాడ్లీ. మొదటి పీరియడు జరిగే లెక్కల గది ముందు, చేతులు వెనక్కి కట్టుకుని, మూసిన తలుపు వంక చూస్తూ జొలీసా నిలబడి ఉంది.

"ఇక్కడేం చేస్తున్నావే?"

"తలుపు తీస్తారని చూస్తున్నా, మిస్ ఒడెస్సా. అందరూ వెళ్లాక నేను వెళ్దామంటే ఈలోపే టీచర్ మూసేస్తోంది."

"తీసుకుని వెళ్లొచ్చుగా?"

"నన్నుంచిన చోట తలుపు ముట్టుకుంటే ఊరుకోరు, వాళ్లే తీయాలి. మీరూ దేన్నీ ముట్టుకోవద్దన్నారుగా."

"మూడు రోజులూ ఇక్కడే ఉన్నావా?"

"కదలమని ఎవరూ చెప్పలేదండీ."

ఒడెస్సాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. తప్పంతా తన ఉపన్యాసానిదే. అలవాటుగా తలుపు మీదికి పోయిన చేతిని లాక్కుని చంకలో పెట్టుకుంది.

"నేను చెప్పింది తప్పే తల్లీ. నువ్వే తియ్యి."

"అడక్కుండానా?"

"అడక్కుండానే."

జొలీసా పిడి పట్టుకుని ఇద్దరి ముఖాలూ చూసింది. తిప్పింది. లోపల టీచర్ కళ్లద్దాల పైనుంచి చూసి, "పది నిమిషాలు ఆలస్యం!" అని గయ్యిమంటూ రిజిస్టర్లో రాసుకుంది.

ఒడెస్సా హాడ్లీ చొక్కా పట్టుకున్నంత పని చేసింది. "ఆలస్యమే కదా? గైరుహాజరు కాదు కదా?"

"కాదు. ఆలస్యమే."

అంతే, ఆవిడ గోడకు చేరగిలబడి భోరుమంది.

"ఎవరో ఏడుస్తున్నారు, ఆ తలుపు వేసెయ్యి!" అని లోపల్నుంచి టీచర్ అరిచింది.

జొలీసా ఈసారి ఎవరి ముఖమూ చూడకుండా వేసేసింది.