తెడ్డక్క బ్యాటరీ

మా బ్యాటరీల కొట్టుకి వచ్చే మగవాళ్ళు నన్ను చూడగానే అడిగే మొదటి మాట, "ఎవరూ లేరా?" అని. బోర్డు మీద మా ఆయన పేరుంటుంది, కూర్చునేది నేను. ఒళ్ళు మండి, "ఉన్నాను, కనపడటం లేదా?" అంటాను. తెడ్డక్క మాత్రం అలా అడగలేదు. నేరుగా లోపలికొచ్చి, "చెల్లీ, నేను ఎత్తగలిగే బ్యాటరీ కావాలి," అంది. ఎంతకిస్తావు, ఎన్నాళ్ళొస్తుంది అనేవాళ్ళే తప్ప అలా అడిగిన మనిషిని నేనంతవరకు చూడలేదు.

ఆమె అసలు పేరు రేవులో ఎవరికీ గుర్తు లేదు. భర్త పోయాక మిగిలింది ఒక చిన్న పడవ. ఊరంతా తాగే నీళ్ళు కాబట్టి మా ఊరి జలాశయంలో పెట్రోలు ఇంజన్లు తిప్పనివ్వరు. అందుకని తెల్లవారేలోపే ఒక్కతే తెడ్లు వేసుకుంటూ వెళ్ళి, వలలు ఎత్తి, ఎండెక్కకముందే చేపలు ఒడ్డుకి చేర్చేది. "నీళ్ళ మీద ఉన్నంతసేపూ ఇది చెయ్యి, అది చెయ్యి అనేవాడుండడు చెల్లీ," అని నవ్వేది. తిండి ఎలాగైనా దొరుకుతుంది, ఆ ఒంటరి ఉదయాలే ఆమెకి ముఖ్యం. వాటిని పోగొట్టుకోవడానికి మాత్రం ఆమె సిద్ధంగా లేదు.

కుడి భుజం కీలు పాడైంది. ఇక తెడ్డు ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. దాంతో పడవ వెనక తగిలించే చిన్న కరెంటు మోటారు, ఎవరో వాడి వదిలేసింది, సంపాదించుకుంది. మిగిలింది బ్యాటరీ. రేవులో కరెంటు లేదు. రోజూ దాన్ని ఇంటికి మోసుకెళ్ళి చార్జింగు పెట్టాలి, మర్నాడు గట్టు మెట్లన్నీ దిగి పడవలో పెట్టాలి.

ఆ రోజు కొట్టుకి ఆమెకి తోడుగా ఆమె మరిది కూడా వచ్చాడు. వస్తూనే కార్ల బ్యాటరీ మీద చెయ్యేసి, "ఇది చాలదా?" అన్నాడు. అది బండి స్టార్టు చేసేటప్పుడు ఒక్క ఊపు ఊపి ఊరుకునే రకమని, గంటల తరబడి మోటారు తిప్పిస్తే నాలుగు రోజుల్లో చతికిలబడుతుందని చెప్పాను. లిథియందైతే తేలిక, కానీ దాని ధర వింటూనే తెడ్డక్క చేతులు జోడించింది. చివరికి సోలారు దీపాలకి వాడే రకంలో రెండు దారులు చూపించాను. ఒకటే పెద్దది కొనుక్కోవచ్చు. లేదా అందులో సగం బరువుండేవి రెండు కొని, ప్లస్సుకి ప్లస్సు, మైనస్సుకి మైనస్సు కలుపుకోవచ్చు. పని అదే, ధరలో పెద్ద తేడా లేదు.

తెడ్డక్క పెద్దదాన్ని మోకాళ్ళ దాకా లేపి దించేసింది. చిన్నదాన్ని ఎడమ చంకనెత్తుకుని గుమ్మం దాకా నడిచి వచ్చింది. ఆమె మొహం వెలిగిపోయింది. "ఇవే ఇవ్వు చెల్లీ. రెండుసార్లు తిరుగుతాను, పోయేదేముంది."

"రెండైతే రెండు తలనొప్పులు వదినా," అన్నాడు మరిది. "వైర్లు, బిగింపులు, ఎందుకొచ్చిన గొడవ? పెద్దదే తీసుకుందాం. నేనుండగా నువ్వెందుకు మొయ్యాలి? రోజూ పొద్దున్నే వచ్చి నేను పెట్టి పోనా?"

ఆమె నా వైపు చూసింది. ఆ చూపు నాకర్థమైంది. "ఆమెకి నచ్చింది తీసుకోనీ బాబూ," అన్నాను. అతను చిన్నబుచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. ఆ మొహానికి మంచి ధరే పలుకుతుంది. తెడ్డక్క మెత్తబడిపోయింది. "మోస్తానంటున్నాడుగా పాపం. వద్దంటే బాగుండదు," అని పెద్దదే తీసుకుంది.

మొదట్లో మరిది చెప్పిన వేళకే వచ్చాడు. బంగారంలాంటి మరిది అని వీధి వీధంతా నెత్తిన పెట్టుకుంది. పొగడటానికి ఖర్చేముంది? తర్వాత ఎండెక్కాక రావడం మొదలుపెట్టాడు. రాత్రి నిద్ర లేదనేవాడు, ఒళ్ళు నొప్పులనేవాడు. వలలో చేపలు మెత్తబడేవి, కొనేవాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. ఓపిక నశించి ఒకరోజు ఆమె బ్యాటరీని గోనెపట్టా మీద పెట్టి మెట్ల మీదుగా తనే లాక్కెళ్ళబోయింది. సగం దిగేసరికి అతను ఎదురొచ్చి, "నలుగురిలో నా పరువు తీస్తున్నావా?" అని అరిచాడు. నలుగురూ ఆమెనే తప్పుబట్టారు.

"పెద్దది పట్రా, చిన్నవి రెండిస్తాను. పైన ఒక్క పైసా వద్దు," సంగతి విని ఆమెతో అన్నాను నేను.

"తేవాలంటే వాడే మోసుకురావాలి కదా చెల్లీ," అని ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా ఆయన్ని ఆమె ఇంటికెళ్ళి బ్యాటరీ మార్చేసి రమ్మని పంపిస్తే, ఇంటి విషయాల్లో మీరు వేలు పెట్టొద్దని మరిది గుమ్మంలోంచే తిప్పి పంపాడు. ఈయన చేతులు దులుపుకుని వచ్చేశాడు.

ఇంత దూరం ఎలాగూ వస్తున్నానని మరిది పడవెక్కడం మొదలుపెట్టాడు. ఎక్కినవాడు మోటారు దగ్గర కూర్చున్నాడు. కొన్నాళ్ళకి స్నేహితుణ్ణి తెచ్చుకున్నాడు. ఇద్దరు మనుషులు, బ్యాటరీ, వలలు, చేపలు, అంతకు మించి ఆ పడవ మోయలేదు. "నువ్వు ఒడ్డునే ఉండు వదినా. ఈ వయసులో నీకెందుకీ కష్టం?" అన్నాడు. ఆమెకి నలభై రెండు.

ఆ తర్వాత ఒకరోజు అతనే కొట్టుకి వచ్చాడు. నడుం పట్టేసిందట. "అక్కా, ఆ రోజు చూపించావే, ఆ చిన్నవి రెండూ ఇవ్వు."

"రెండు తలనొప్పులన్నావుగా?"

సిగ్గు లేకుండా నవ్వాడు. మొహాన కొట్టి పంపాలనిపించింది. కానీ నా బుర్రలో ఇంకో ఆశ మెదిలింది. అవి ఆమె ఇంట్లో ఉంటే చాలు, ఇతను నిద్ర లేచేలోపే ఆమె పడవ తీసుకుని వెళ్ళిపోగలదు. మంచివి ఏరి, వైర్లు కూడా కలిపి ఇచ్చాను.

ఆ ఆశతోనే ఆ వారాంతంలో పొద్దున్నే రేవుకి వెళ్ళాను. తెడ్డక్క ఎడమ చంకన బ్యాటరీతో చకచకా మెట్లు దిగుతోంది. నా కళ్ళు చల్లబడ్డాయి. అది పడవలో దించి, వెనక్కెళ్ళి రెండోది తెచ్చింది. వైర్లు తనే బిగించింది. అప్పుడు మరిది ఆవులిస్తూ వచ్చి మోటారు దగ్గర కూర్చున్నాడు. స్నేహితుడు ముందు కూర్చున్నాడు. ఆమె మోకాలి లోతు నీళ్ళలో దిగి, పడవని లోపలికి తోసి, అది దూరమయ్యేదాకా అక్కడే నిలబడింది.

చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"నువ్వన్నది నిజమే చెల్లీ," అంది. "ఇవి తేలికే. నేనే మోయగలుగుతున్నాను."