సుగుణక్క చెప్పని పేరు

నెలలో మొదటి ఆదివారానికి ముందు రోజు మా వంటింట్లో ఎండుద్రాక్ష ఉడుకుతుంది. చర్చిలో ప్రభు బల్లకి, అంటే రొట్టెతో పాటు అందరం పంచుకునే రసానికి, ద్రాక్ష ఉడికించి గుడ్డలో పిండి వడగట్టే పని చాలా ఏళ్లుగా మా ఆవిడది. తియ్యగా, కాస్త పుల్లగా, అడుగంటితే కాస్త మాడుగా ఉండే ఆ వాసన ఇల్లంతా కమ్ముకుంటే మా పిల్లలు గరిటె నాకడానికి పోటీ పడేవారు. నాకు మాత్రం అరచేతులు చెమటలు పట్టేవి. యాభై ఏళ్లు వచ్చాయి, సంఘానికి కార్యదర్శిని, ఇప్పటికీ పడుతున్నాయి. పోయిన నెల ఆ వాసన మధ్యనే ముందుగదిలో టీవీలో సుగుణక్క కనబడింది. సినిమాల్లో, సీరియళ్లలో ఆమెను మీరు వేరే పేరుతో ఎరుగుదురు. మా ఊరి క్రైస్తవులు మాత్రం ఆమె ప్రస్తావన వస్తే ఒక మాట తప్పకుండా అంటారు: విగ్రహానికి మొక్కి సినిమాల్లోకి పోయింది అని. ఆ మాట అబద్ధం. దాన్ని పుట్టించినవాణ్ని నేను.

మాది శృంగవరపుకోట దాటాక కొండల వైపు ఉన్న ఊరు. మిషను వాళ్లు కట్టిన పెంకుటి చర్చి, దాని చుట్టూ ముప్పై నలభై గడప. చలికాలం పొద్దున్న కొండ మీంచి దిగిన మంచులో చర్చి గంట కూడా కనబడేది కాదు. ఆ మంచులో మేం చోడి అంబలి తాగి, కాల్చిన తేగలు జేబుల్లో వేసుకుని, బడిదాకా కర్రాబిళ్ల ఆడుకుంటూ పోయేవాళ్లం. క్రిస్మస్ ముందు వారమంతా పాకుండలు వేగే నూనె వాసన, గోడలకి కొట్టిన తడిసున్నం వాసన కలిసిపోయి ఉండేవి. అంత సంబరంలోనూ నాకు భయమే ఎక్కువ. బడి నుంచి వచ్చేసరికి అమ్మ ఇంట్లో లేకపోతే, ప్రభువు వచ్చి భక్తులందరినీ తీసుకుపోయాడని, నేనొక్కణ్నే మిగిలిపోయానని గుమ్మంలో కూర్చుని ఏడ్చేవాణ్ని. అంతకన్నా దానియేలు తాతంటే భయం. ఆయన సంఘ పెద్ద. తెల్ల పంచె, చెవి వెనక పెన్సిలు, ఒంటినిండా నీలగిరి తైలం వాసన. ఎవరైనా విజయనగరం వెళ్లి సినిమా చూసొచ్చారని తెలిస్తే ఆదివారం ఆరాధనలో పేరు పెట్టి నిలబెట్టి, ఆరు నెలలు బల్ల లేదనేవాడు. ఆ మాట పడ్డవాళ్లు రొట్టె పళ్లెం వచ్చే వేళకి తల వంచుకుని వెనక్కి పోయేవారు. ఆయన సొంత అత్త చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని రోజంతా అడ్డపొగ పీల్చేది. ఆమెకి మాత్రం బల్ల ఎప్పుడూ ఉండేది.

సుగుణక్క మా దేవమ్మ పెద్దమ్మ కూతురు. పెద్దమ్మ మిషనులో బైబిలు స్త్రీ. సంచి భుజాన వేసుకుని ఊరూరా తిరిగి ఆడవాళ్లకి వాక్యం చెప్పడం ఆమె ఉద్యోగం. పెదనాన్న లేడు. అప్పటికి అక్కకి పదహారు, బాప్తిస్మం అయింది. నాకు తొమ్మిది. అక్క ఎవరి నడకనైనా ఇట్టే పట్టేసేది. చెవి వెనకున్న పెన్సిలు కోసం దానియేలు తాత జేబులన్నీ వెతుక్కునే తీరు చేసి చూపిస్తే పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది, నవ్వేసి, “ఒసే, పాపమే” అనేది.

ఆ ఏడు మామిడి పూత వేళ కొండ కింద తోటలోకి సినిమా షూటింగు వచ్చింది. కట్టెలకని చెప్పి అక్క నన్ను తోడు తీసుకువెళ్లింది. మొన్నటిదాకా ఏమీ లేని చోట గుడి లేచి ఉంది, అంతా అట్టలూ రంగులూ. లోపల ఇద్దరు మనుషుల ఎత్తు అమ్మవారు. ఎర్రటి నాలుక, నేనెటు జరిగినా నా వైపే తిరిగినట్టుండే కళ్లు. హారతి పట్టే అమ్మాయిల్లో ఒకరు తక్కువయ్యారని ఒకాయన అక్కని పిలిచాడు. పట్టుచీర చుట్టారు, నుదుట బొట్టు పెట్టారు. మా ఇళ్లలో ఆడవాళ్లు బొట్టు పెట్టుకోరు. అక్క అద్దంలో చూసుకుని నా వైపు తిరిగింది.

“ఎలగున్నానురా?”

“ఎవులోలాగున్నావు” అన్నాను. నిజంగానే భయమేసింది.

దండం పెట్టమంటే మాత్రం అక్క ఒప్పుకోలేదు. “పళ్లెం అట్టుకుంటాను గాని బాబూ, మొక్కను. మాది మిషను” అంది. ఆయన నవ్వి, సరే, రెప్ప వెయ్యకుండా నిలబడు చాలు అన్నాడు. అక్క నిలబడింది. లైట్ల వేడికి పక్కవాళ్లు నలుగురూ కళ్లు నులుముకుంటుంటే ఆమె ఒక్కతే దీపం పళ్లెంతో కదలకుండా నిలబడింది. కాసేపటికి కెమెరా ఆమె వైపే తిరిగింది.

అందరూ భోజనాలకి లేచాక నేను ఆ బొమ్మ దగ్గరికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు. భయం వేసిన చోటికే కాళ్లు పోతాయి. గాలి వచ్చింది. అమ్మవారు ఊగి, నా మీదికి వంగింది. నేను నేల మీద బోర్లాపడి, రెండు చేతులూ జోడించి, నన్నేమీ చెయ్యొద్దని, నీకు దండం పెడతానని పెద్దగా ఏడ్చాను. తోట కాపలా ముసలాయన దూరం నుంచి చూసి నవ్వాడు. అక్క పరిగెత్తుకొచ్చి లేవదీసింది. మొదట నవ్వింది, నా లాగు తడిసి ఉండటం చూసి ఆపేసింది.

“ఊరుకోరా గుంటడా, అట్టముక్కరా అది.”

“తాతకి సెప్పకే అక్కా.”

“సెప్పన్లే. ఎవులికీ సెప్పను. సచ్చినా సెప్పను.”

మిషను పిల్లలు ఇద్దరొచ్చారని, వాళ్లలో ఒకరు మొక్కారని ఆ ముసలాయన సంతలో వేడుకగా చెప్పుకున్నాడు. మాట దానియేలు తాతకి చేరింది. వచ్చింది నెల మొదటి ఆదివారం. బల్ల తెరవక ముందే తేలాలన్నాడు. సంఘమంతా చాపల మీద కూర్చుని ఉంది. నన్ను ముందు పిలిచాడు. తెల్లగుడ్డ కింద మూత పెట్టిన గిన్నెలోంచి ద్రాక్షరసం వాసన వస్తోంది.

“సిన్నపిల్లలు అబద్ధమాడరు. సెప్పరా, మీలో మొక్కింది ఎవులు?”

నా పేరు చెబితే బల్ల లేదంటాడు, ఆ తర్వాత నరకం. అంతే, ఇంకేమీ తోచలేదు.

“అక్క” అన్నాను.

సుగుణక్క నా వైపు చూసింది. కోపం లేదు. పళ్లెం పట్టుకుని నిలబడ్డప్పటిలాగే రెప్ప వెయ్యకుండా చూసింది.

“ఏటే, నిజమేనా? నోరిప్పు.”

“బొట్టెట్టుకున్నాను తాతా. అది నిజం.”

“నానడిగింది అది కాదు.”

వెనక నుంచి పెద్దమ్మ గొంతు వినబడింది. “ఒసే, నేదని సెప్పవే! ఒక్క మాట సెప్పవే తల్లీ!” అక్క నోరు విప్పలేదు. తాత చెవి వెనక పెన్సిలు తీసి పుస్తకంలో ఏదో రాసుకుని, ఏడాది బల్ల లేదన్నాడు. పెద్దమ్మ లేచి నిలబడింది. “నా పిల్లకి నేని బల్ల నాకెందుకు? మీరే తినండి” అని కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

పెద్దమ్మ ఉద్యోగం పోయింది. ఎండలు ముదిరేలోపు అక్క, షూటింగు వాళ్లు ఇచ్చిన చిరునామా పట్టుకుని విజయనగరం బస్సెక్కింది. ఆ తరువాత కూడా పెద్దమ్మ ఆదివారం మానలేదు. కానీ బల్ల మీది గుడ్డ తీసేసరికి లేచి వెళ్లి బయట గంట కింద నిలబడేది. వానలో కొంగు నెత్తిన వేసుకుని అక్కడే నిలబడేది. అలా పదకొండేళ్లు, పోయేదాకా.

పదిహేనో ఏట బాప్తిస్మం పాఠాల్లో పాస్టరు అయ్యగారు మాటవరసకి చెప్పారు: బల్ల బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే, చిన్నపిల్లలకి అసలు బల్లే లేదు, ఇక తీసేసేదేముంది అని. నిజం చెబితే నాకు పడేది ఒక చెవిమెలి. నా దగ్గర లేనిదాన్ని పోగొట్టుకుంటానని భయపడి, అక్కకున్నది పోగొట్టాను. ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేదు. పాపం దాచుకుని బల్ల తీసుకుంటే శిక్ష తప్పదన్నారు. మొదటిసారి రసం మింగి, పడి చచ్చిపోతానని కళ్లు మూసుకున్నాను. ఏమీ కాలేదు. చావకపోవడం ఇంకా భయపెట్టింది. అలా ముప్పై అయిదేళ్లు, నెలకోసారి.

అక్క ముందు గుంపులో ఒకతెగా, తరువాత హీరోయిన్ స్నేహితురాలిగా, వదినగా, తల్లిగా వేసింది. సినిమాలు తగ్గాక సీరియళ్లలో అత్తగారైంది. అందరూ మెచ్చుకునేది ఒకటే: తప్పు మీద పడ్డప్పుడు మాట లేకుండా ఆమె చూసే చూపు. మా ఆవిడ ఆ చూపుకి కళ్లు తుడుచుకుంటుంది. నేను లేచి పెరట్లోకి వెళ్లిపోతాను.

పోయిన నెల టీవీలో మొదటి షూటింగు గురించి అడిగారు. అక్క అంతా చెప్పింది. బొట్టు, పళ్లెం, అట్ట అమ్మవారు, తాత, బల్ల, అన్నీ. నేను కుర్చీ చేతులు పట్టుకున్నాను. “మరి మొక్కింది ఎవరు మేడమ్?” అని యాంకరమ్మ అడిగింది. అంతసేపూ నగరం తెలుగు మాట్లాడిన అక్క, నవ్వి, మా ఊరి మాటలో అంది:

“సెప్పనన్నానమ్మా. మాటిచ్చినాను.”

పెంకుటి చర్చి లేదు, స్లాబు వేశాం. చాపలు పోయి కుర్చీలొచ్చాయి. పేరు పెట్టి నిలబెట్టే ఆచారం దానియేలు తాతతోనే పోయింది. ఆయన మనవలు రోజూ సాయంత్రం అక్క సీరియలు చూస్తారు. గంట ఉన్న చోట మైకు కట్టారు. దాని కింద నేల మాత్రం అదే నేల.

రేపు మొదటి ఆదివారం. బల్లకి ముందు ప్రకటనలు చదవడం కార్యదర్శి పని. మీకు రాసిన ఈ కాగితాలే అక్కడా చదువుతాను. చదివాక బయటికి వెళ్లి పెద్దమ్మ నిలబడ్డ చోట నిలబడతాను. ఎవరైనా పిలిచేదాకా అక్కడే ఉంటాను. పిలవకపోతే పై నెలా అక్కడే. వంటింట్లో ద్రాక్ష ఉడుకుతోంది. చేతులు చెమట పట్టి ఈ చివరి వరస కొంచెం అలుక్కుపోయింది.