పార్వతి ఎక్కితే వెలిగే బ్రేక్ లైట్

దెయ్యాలు, శకునాలు నేనెప్పుడూ నమ్మలేదు. లెక్క తేలకపోతే మళ్లీ మొదటినుంచి కూడుకోవడమే నాకు తెలిసిన పద్ధతి. ఇది మాత్రం ఎన్నిసార్లు కూడినా తేలలేదు.

నా భార్య పార్వతికి కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో ఇది కొత్త సంగతేమీ కాదు. రోజు విడిచి రోజు డయాలసిస్‌కు మా పాత కారులో పలాస తీసుకెళ్తాను. ఈమధ్య వెళ్లేటప్పుడు డాష్‌బోర్డు మీద ఎర్రటి బ్రేక్ లైట్ వెలగడం మొదలైంది. తిరిగొచ్చేటప్పుడు వెలిగేది కాదు.

హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దిగకపోయినా, బ్రేక్ ఆయిల్ తగ్గినా ఆ లైట్ వెలుగుతుంది. రెండూ చూశాను, సరిగానే ఉన్నాయి. కాశీబుగ్గలో మెకానిక్ రాజు వరసకు నా బావమరిది. సెన్సర్ మార్చాడు, వైర్లన్నీ వెతికాడు.

"కారుకేటీ నేదు బావా. మా అక్కంటే నీకులాగే దీనికీ బయ్యమేమో!" అని నవ్వాడు.

తను సరదాకే అన్నాడు. నేను పరీక్షించాను. ఒక్కడినే నడిపితే వెలగలేదు. ఆవిడ సీట్లో అంతే బరువున్న జీడిపిక్కల బస్తా పెట్టినా వెలగలేదు. ఒంట్లో నీరు చేరితే బరువు పెరుగుతుంది కాబట్టి ఆవిడను రోజూ ఇంట్లోనే తూస్తాం. పోల్చి చూస్తే, రెండు కిలోలు మించి పెరిగిన రోజుల్లోనే వెలుగుతోంది.

ఒక ఉదయం, డయాలసిస్ అయిన మర్నాడు, టెక్కలిలో పెళ్లికి బయలుదేరాం. ఆ రోజు తూకం మామూలుగానే ఉంది. హైవే ఎక్కగానే లైట్ వెలిగింది. నేను కారు పలాస వైపు తిప్పాను.

"బాగానే ఉన్నాను గదా మావా! బల్బు సూసి ఆస్పత్రికెల్తారేటి ఎవులైనా? నవ్వుతారు" అని పార్వతి దారంతా తిట్టింది.

రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగిందని తేలింది. ఇంకాస్త ఆలస్యమైతే గుండె ఆగిపోయేదన్నారు డాక్టరు. ముందురోజు డయాలసిస్ నుంచి వచ్చాక దాహం ఆగక, నాకు చెప్పకుండా రెండు కొబ్బరి బొండాలు తాగిందట. మా తోటలోవే. ఆ నీళ్లలో పొటాషియం ఎక్కువట.

బరువు లెక్క కూడా అక్కడే తప్పిపోయింది. ఆ లైట్‌కు ఏం తెలుస్తోందో, ఎలా తెలుస్తోందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

పార్వతి ఇప్పుడు బాగానే ఉంది. ఇవాళ ఒక్కడినే పలాస వెళ్తుంటే లైట్ వెలిగింది. ఆగి చూశాను. ఆయిల్ నిండుగా ఉంది, హ్యాండ్ బ్రేక్ దిగే ఉంది. నేరుగా ల్యాబుకెళ్లి రక్తం ఇచ్చి వచ్చాను. రిపోర్టు రేపిస్తారు.

పార్వతికి ఇంకా చెప్పలేదు.