పర్శరాములు కారులో మగ్గం చప్పుడు

దేశం తిరిగేవాడికి ఊళ్ల పేర్ల కన్నా ముందు వాటి చప్పుళ్లు గుర్తుకొస్తాయి. మంచిర్యాల అంటే నాకు బొగ్గు వ్యాగన్లు ఒకదానికొకటి తగిలే మోత. నిర్మల్ అంటే కొయ్య మీద ఉలి. సిరిసిల్ల అంటే సందు సందునా మగ్గం. ఏ ఇంట్లోనైనా ఆ చప్పుడు ఆగిందంటే వాకిట్లో నలుగురు నిలబడి, లోపల ఎవరికేమైందని అడుగుతారు. 1957లో పర్శరాములు ఇంటి ముందు అలాగే అడిగారు. ఎవరికీ ఏమీ కాలేదు. మగ్గం అమ్మి కారు కొన్నాడంతే.

కారంటే కొత్తది కాదు. పోలీసు యాక్షన్ నాడు ఊరొదిలిన ఒక దొరది. అప్పటినుంచీ గడ్డి కొట్టంలో కోళ్లు పొదిగేందుకు పనికొచ్చిన పాత అమెరికా బండి. నేత పని కూడు పెట్టని కాలమది. సగం వీధి భీవండి రైలెక్కింది. పర్శరాములు అన్న ఎల్లేశం కూడా అక్కడి పవర్‌లూమ్ షెడ్డుకు పోయి, దగ్గు పట్టుకొని తిరిగొచ్చి, ఆ దగ్గుతోనే పోయాడు. కారుంటే మనం భీవండి పోనక్కర్లేదని పర్శరాములు భార్య అనసూర్యకు మాటిచ్చాడు. ఆ ఒక్క మాట మీదే ఆమె మగ్గం అమ్మనిచ్చింది.

రెండేళ్లు బండి బాగానే నడిచింది. వేములవాడకూ కొండగట్టుకూ యాత్రికులను తిప్పేవాడు. పక్కన మాట్లాడే మనిషి లేకపోతే అతనికి తోచదు. నాకా, ఎటు పోతున్నామన్న పట్టింపు లేదు. అట్లా నేనూ చాలాసార్లు ఎక్కాను.

మూడో ఏడు చప్పుడు మొదలైంది. బండి నిండా మనుషులుండి, దారి ఎత్తు ఎక్కుతున్నప్పుడే వచ్చేది. టక్, టక్, టక్, అచ్చం మగ్గం ఆడినట్టు. కరీంనగర్ మెకానిక్ ఖాళీ బండిని చదును రోడ్డు మీద నడిపి చూసి, ఏ చప్పుడూ లేదని పంపేశాడు. జగిత్యాలలో మరొకతను ఫ్యాను రెక్కలు సరిచేశాడు. పెద్దపల్లిలో ఇంకొకతను అన్నీ విప్పి, అన్నీ మళ్లీ పెట్టాడు. తిరుగు దారిలో మొదటి ఎత్తు దగ్గరే అది పలికింది.

జనానికి మొదట నవ్వులాట. పోచవ్వ అని ఒక ముసలామె దిగకుండా కూర్చుని, "బిడ్డా, నన్ను దించుతవా, చీర నేసిచ్చినంక దించుతవా?" అంది. తర్వాత భయపడ్డారు. దారి మీద బస్సు కూడా వచ్చింది. చప్పుడు చేసే కారెక్కడం ఎందుకని బస్సు కోసమే నిలబడ్డారు. ఇక మిగిలింది కొండగట్టు చిన్న జయంతి జాతర. ఆ నాలుగు రోజులూ బస్సులు చాలవు. అప్పటికి చప్పుడు పోతే కారు మిగులుతుంది, లేకపోతే భీవండే.

ఆ రోజుల్లోనే అనసూర్య మేనల్లుడు కొమురెల్లి ఊరికొచ్చాడు. బెల్లంపల్లి వైపు గనుల్లో ఫిట్టరు. డాక్టర్లు మొదట్లో కొయ్య గొట్టం ఛాతీకి ఆనించి వినేవారని ఎక్కడో చదివింది వాళ్లకు చెప్పాను. చదివినవన్నీ చెప్పడం నాకున్న రోగం. మర్నాడు వీధి జనాన్ని ఎక్కించుకొని కొమురెల్లి ఎత్తు మీద బండి నడుపుతుంటే, పర్శరాములు బానెట్ తెరిచి, మడ్‌గార్డు మీద బోర్లా పడుకొని, మగ్గంది మిగిలిపోయిన కర్ర ఒక కొస ఇంజనుకూ, ఒక కొస చెవికీ ఆనించాడు. పిల్లలు వెంట పరుగెత్తారు. ఎత్తు మీదికొచ్చేసరికి అతని మొహం నూనెతో, నవ్వుతో మెరుస్తోంది. దొరికింది. ఇంజను అడుగున, ఇరుసు పట్టుకునే బేరింగులో.

కొమురెల్లి ఇంజను అడుగు విప్పి వేలు పెట్టి చూశాడు. నవ్వలేదు.

"గిది వదులైంది కాదు మామా, అరిగింది. లోపల మెత్తటి లోహం పోయింది. సికింద్రాబాదుల కరిగించి కొత్తది పోస్తరు. నెల పడుతది."

"నెలకు జయంతి ఉంటదారా? మగ్గం చప్పుడు జేస్తే ఏం జేస్తం? మేకు గొట్టి బిగిస్తం."

"మగ్గం నీ కాలితోటి ఆడుతది. గిది నిప్పుతోటి ఆడుతది. బిగిస్తే పట్టేస్తది, జర ఇను."

ఇరవై ఏళ్లు మగ్గం మీద కూర్చున్నవాడికి చప్పుడంటే వదులు, వదులంటే బిగింపు. కొమురెల్లి డ్యూటీకి పోయాక, పర్శరాములు బేరింగు మధ్య ఉన్న పలుచని రేకులు తీసేసి, నట్లు గట్టిగా బిగించాడు. హ్యాండిల్ తిప్పితే ఇంజను కదల్లేదు. కొత్త మగ్గం కూడా మొదట ఇట్లనే బిర్రుగుంటదన్నాడు. ఎడ్లను కట్టి లాగిస్తే స్టార్టయింది. చప్పుడు లేదు. అనసూర్య వాకిట్లో నిలబడి చాలాసేపు విన్నది. జయంతి నాడు తానూ వస్తానంది.

ఆ పొద్దు నేనూ ఉన్నాను. బండి నిండా జనం. మొదటి ఎత్తు ఎక్కింది. పర్శరాములు నా తొడ మీద చరిచి, విన్నావా అన్నట్టు చూశాడు. వినడానికేమీ లేదు. గుట్ట ఇంకా కనిపించనే లేదు, బానెట్ సందుల్లోంచి మాడిన నూనె వాసన వచ్చింది. బండి బరువెక్కింది. తర్వాత లోపల ఒక్కటే దెబ్బ. ఇంజను పక్క పగిలి, విరిగిన పిస్టను కడ్డీ బయటికొచ్చింది. రోడ్డు మీద నల్లగా నూనె పారింది.

యాత్రికులు మూటలెత్తుకొని నడిచారు. పోచవ్వ వాళ్లతో పోతూ పర్శరాములు భుజం మీద చెయ్యి వేసి తీసింది. అతను నూనెలోనే కూర్చున్నాడు. అనసూర్య కారు దిగలేదు. అక్కడినుంచే అడిగింది.

"భీవండికి రైలు యాడ మారాలె?"

దారులన్నీ తెలిసినవాణ్ని కనుక నేనే చెప్పాను.

1966లో భీవండి పోయాను. టీ కొట్టు గోడ అవతలే పర్శరాములు పనిచేసే షెడ్డు. ఆ మోతలో అతను రెండుసార్లు అడిగితే గాని నాకు వినబడలేదు.

"సికింద్రాబాదుల పోయిస్తే చప్పుడు పోయేదా?"

పోయేదన్నాను. తలాడించి, టీ తాగి, కాస్త దగ్గి, లోపలికి పోయాడు.