చదవకుండా పెట్టిన సంతకం

ఆ రోజు శంషాబాద్‌లో కొత్తూరు బస్సెక్కాను. ఒళ్లో కాగితాల కట్ట పెట్టుకుని గబగబా సంతకాలు చేస్తుంటే, పక్కసీటు పెద్దామె నా మణికట్టు పట్టుకుంది.

"చదువుకున్నోనివి, జర చదివి సంతకం జెయ్యరాదు బిడ్డా!"

నవ్వాను. ఆమె నవ్వలేదు, చెయ్యీ వదల్లేదు.

వాళ్ల ఊరి ఆరోగ్య కమిటీలో ఆమె మెంబరట. మీటింగు ఒక్కటీ జరగలేదు. నెలనెలా సంతకం కోసం కమిటీ రిజిస్టరు పుస్తకమే ఇంటికొచ్చేది. మహిళా సంఘంలో నేర్చిన సంతకమంటే ఆమెకు గొప్ప. పొయ్యి దగ్గర నుంచి లేచి, చేతులు కడుక్కుని మరీ పెట్టేదట.

"నా బిడ్డకు నొప్పులొచ్చిననాడు ఊరి దవాఖానకు తాళమున్నది. పట్నం తీస్కపోతుంటే తొవ్వలనే పానం పాయె. అడగనీకె పోతే నా సంతకమే జూపెట్టిన్రు. నర్సమ్మ దినాం వస్తున్నదని రాసున్నదంట." నా చెయ్యి వదిలి కిటికీ వైపు తిరిగింది. "సంతకం నేర్పిన్రు గని, చదువు నేర్పలే బిడ్డా."

నా ఒళ్లో ఉన్నవి, ఊరూరా ఆరోగ్య కమిటీలు సక్రమంగా నడుస్తున్నాయని రాసిన మా ఆరోగ్య శాఖ నివేదికలు. అప్పటికే సగం మీద సంతకాలు పెట్టేశాను.

కొత్తూరులో దిగిపోయాను. ఆమెది ఏ ఊరో అడగడానికి నాకు నోరు రాలేదు.